టోక్యోలో అక్షరం రాకుండా ఎనిమిది రోజులు

జపనీస్ ఒక్క అక్షరం కూడా రాకుండా నేనూ మా ఆవిడా టోక్యోలో ఎనిమిది రోజులు తిరిగొచ్చాం. వెళ్లే ముందు ఎక్కువ టెన్షన్ పడింది రైళ్ల గురించే. తీరా చూస్తే అన్నిటికన్నా తేలిగ్గా అలవాటైంది మెట్రోనే. ప్రతి లైనుకూ ఒక రంగు, ఒక ఇంగ్లీషు అక్షరం, ప్రతి స్టేషనుకూ ఒక నంబరు. గింజా లైనుది నారింజ రంగు, అక్షరం జి. ఉయెనో జి16, అసకుసా జి19. ఉయెనోలో ఎక్కాక తర్వాతి స్టేషను 17 అయితే అసకుసా వైపు వెళ్తున్నట్టు, 15 అయితే ఎదురు దిక్కు బండి ఎక్కేసినట్టు. రెండో రోజుకల్లా పేర్లు చూడటం మానేసి, చీటీ మీద నంబర్లే రాసుకుని తిరిగాం.

నంబరు ఒక్కటే సరిపోనిది షింజుకు స్టేషనులో. చెయ్యెత్తిన పిల్లి బొమ్మలు చూద్దామని గోతోకుజి గుడికి ఒడాక్యూ అనే ప్రైవేటు రైలు లైను ఎక్కాం. లైనూ దిక్కూ సరైనవే, దిగాల్సింది ఓహెచ్10. కానీ మేం ఎక్కింది ర్యాపిడ్ ఎక్స్‌ప్రెస్. షిమోకితజావా తర్వాత ఇక ఆగదే! గోతోకుజి దాటిపోయింది, కాసేపటికి కింద తమా నది కనిపించింది. ఓహెచ్18 నోబొరితోలో దిగి వెనక్కొచ్చాం. బండి రకం బోర్డు మీద ఇంగ్లీషులోనూ వస్తుంది, హడావుడిలో మేమే ఆగి చూడలేదు. షింజుకులో ఆ లైను లోకల్ బళ్లు కింది అంతస్తు నుంచి, ఫాస్ట్ బళ్లు పై అంతస్తు నుంచి బయలుదేరతాయి. ఇది ముందే తెలిసుంటే గంట మిగిలేది.

షింజుకు స్టేషనుకు 200కు పైగా దారులున్నాయి. బయటికి దారి చూపే బోర్డులు పసుపు రంగులో ఉంటాయి. వాటి మీద రెండు అక్షరాలు: మొదటిది ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు కొండల్లా, రెండోది ఖాళీ చతురస్రం. నేను నేర్చుకున్న జపనీస్ అంతా ఆ రెండక్షరాలే, రోజుకు ఇరవైసార్లు పనికొచ్చాయి.

మెట్రోకి 72 గంటల టికెట్టు ఉంది కానీ అది జేఆర్ (జపాన్ రైల్వేస్) రైళ్లలో, ఒడాక్యూలో చెల్లదు. మాకు టూరిస్టుల కోసం ఇచ్చే, డబ్బు వేసుకుని వాడుకునే వెల్‌కమ్ సుయికా కార్డే నచ్చింది. డిపాజిట్ లేదు, 28 రోజులు పనిచేస్తుంది. మిగిలిన డబ్బు మాత్రం వెనక్కివ్వరు.

బస మొదట అసకుసా సందుల్లో ఒక చిన్న సత్రంలో. గది ఎంత బాగుందో! కానీ అక్కడ చాలా వీధులకు పేర్లుండవు, అడ్రసులో బ్లాకు నంబర్లే. మొదటి రాత్రి సూట్‌కేసులు లాక్కుంటూ ముప్పావుగంట తిరిగాం. చివరికి కోబన్ అనే చిన్న పోలీసు చౌకీలో అడిగితే, అక్కడి పోలీసాయన మ్యాపు పరిచి మా సత్రం మీద వేలు పెట్టి చూపించాడు. తర్వాత ఉయెనోలో స్టేషను పక్కనే హోటల్. సూట్‌కేసు తెరిచే చోటు లేని గది, అయినా ఏసీ రిమోట్ మీద ఇంగ్లీషుంది! మళ్లీ వెళ్తే మొదటి రెండు రాత్రులూ ఇలాంటి హోటల్లో, ఊరు కాస్త తెలిశాక ఆ సత్రంలో ఉంటాం.

తిండి దగ్గర ఫోన్ కెమెరా అనువాదం అచ్చు మెనూలకు బాగానే పనిచేసింది. ఒక భోజన హోటల్లో గోడకు అతికించిన చేతిరాత చీటీల ముందు అది చేతులెత్తేసింది. ఆ హోటలావిడ నవ్వి, మమ్మల్ని బయటికి తీసుకెళ్లి అద్దాల బీరువాలోని ప్లాస్టిక్ నమూనాల ముందు నిలబెట్టింది. మా ఆవిడ ఒకటి చూపించింది, నేనొకటి.