విజయనగరంలో వాల్వు రేడియో రిపేరు షాపు, షాపాయన రేడియో వినిపించిన సాయంత్రం: నా రివ్యూ

ఇంట్లో అటక మీద తాతల నాటి వాల్వు రేడియో (ట్రాన్సిస్టర్లు రాకముందు, లోపల గాజు గొట్టాల్లాంటి వాల్వులతో పనిచేసేది) ఉండి, దాన్ని పారేయలేక బాగుచేయించలేక ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నా ఇది. విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక సందులో చిన్న రేడియో రిపేరు షాపు ఉంది, బోర్డు కూడా సరిగ్గా కనపడదు, పక్కన టైలర్ షాపుని అడిగితే చూపిస్తారు. పనికి ఐదుకి ఐదు. టైముకి మాత్రం మూడే ఇస్తా, అదెందుకో కింద చెప్తా.

మాది రాజాం వైపు. మా తాతగారి ఫిలిప్స్ సెట్టు, చెక్క పెట్టె, ముందు గుడ్డ, పియానో మెట్లలాంటి స్విచ్చులు, పైన ఆకుపచ్చగా వెలిగే మేజిక్ ఐ, అంటే స్టేషన్ కుదిరిందో లేదో చూపించే చిన్న దీపం. ముందు వేరే ఊళ్ళో ఒక షాపులో చూపిస్తే వాళ్ళు లోపల ఉన్నదంతా పీకేసి బ్లూటూత్ బోర్డు పెట్టేద్దాం, బయటకి పాతదిలానే కనిపిస్తుంది కదా అన్నారు. నాకు ఆ మాటకి నిజంగా కడుపు మండింది. పెట్టె ఉంచి రేడియోని తీసేస్తే ఇంకేం మిగులుతుంది, అలమరాలో పెట్టుకునే బొమ్మ తప్ప? అలా చెడగొట్టిన సెట్లు ఇప్పుడు ఎక్కడ చూసినా ఉన్నాయి, డెకరేషన్ కోసం కొంటున్నారు, చూస్తే బాధేస్తుంది.

ఇక్కడ విజయనగరం షాపాయన మొదట అడిగిన మాటే నచ్చింది. "బావూ, దీన్ని తెచ్చేముందు కరెంటులో ఎట్టీసినారేటి?" లేదండీ గురువుగారూ, అటక మీంచి దించి దుప్పట్లో చుట్టి తెచ్చానంటే "మంచి పని సేసినారు" అన్నారు. ఏళ్ళ తరబడి పడున్న సెట్టుని నేరుగా ప్లగ్గులో పెడితే లోపల కరెంటు నిల్వ చేసే ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయి ఉండి, షార్ట్ అయ్యి ట్రాన్స్‌ఫారం కాలిపోవచ్చు. ఆ ట్రాన్స్‌ఫారం పోతే ఇక ఆ సెట్టు లేచే ఆశ దాదాపు లేనట్టే. అందుకే ఆయన సిరీస్ బోర్డు మీద, మధ్యలో బల్బు పెట్టి ఇస్తారు కరెంటు, బల్బు భగ్గుమని వెలిగి అలాగే ఉండిపోతే లోపల ఎక్కడో షార్ట్ ఉన్నట్టు, వెలిగి మెల్లగా డిమ్ అయితే దారిలో ఉన్నట్టు. ఇవన్నీ నన్ను పక్కన స్టూలు మీద కూర్చోబెట్టుకుని చూపించారు. లోపల 250 వోల్టుల దాకా డీసీ ఉంటుందంట, స్విచ్ ఆపాక కూడా కండెన్సర్లో కాసేపు నిల్వ ఉంటుందంట, అందుకే వెనక అట్ట విప్పి చెయ్యి పెట్టొద్దని గట్టిగా చెప్పారు. కొన్ని పాత ఏసీ/డీసీ సెట్లలో ట్రాన్స్‌ఫారమే ఉండదు, ఛాసిస్‌కే (లోపలి లోహపు చట్రానికే) కరెంటు ఉంటుంది, అవి ఇంట్లో ఉన్నోళ్ళు మరీ జాగ్రత్త.

మా సెట్టులో పేపర్ కండెన్సర్లన్నీ మార్చారు, డయల్ దారం తెగిపోతే కొత్తది చుట్టారు, బ్యాండ్ స్విచ్ శుభ్రం చేశారు, వాల్వులు మాత్రం ఒక్కటి తప్ప అన్నీ అసలువే. పాత సోల్డరింగ్ ఎక్కడ బాగుందో అక్కడ చెయ్యి పెట్టలేదు. మొత్తం మూడు వేల చిల్లర అయింది, వాల్వు ధర అందులోనే.

ఇప్పుడు అసలు విషయం. ఆయన సెట్టు డెలివరీ పగలు ఇవ్వరు. చీకటి పడే వేళకి రమ్మంటారు, మేడ మీద ఏరియల్ తీగ కట్టి అక్కడ వినిపించి అప్పుడు ఇస్తారు. మొదట ఇదేంటి బస్సు దొరకదే అనిపించింది, కానీ కారణం విన్నాక ఆ పద్ధతే సరైందని ఒప్పుకున్నా. మీడియం వేవ్ పగటిపూట దగ్గర స్టేషన్లే పట్టుకుంటుంది, ఎందుకంటే ఎండ ఉన్నంతసేపు ఆకాశంలో కింది పొర ఒకటి ఆ తరంగాల్ని మింగేస్తుంది, పొద్దు గూకాక ఆ పొర పోతుంది, ఇంకా పైనున్న పొరకి తగిలి దూరం స్టేషన్లు మన మీదకి దిగుతాయి. మన ఉత్తరాంధ్రకి ఇది చాలా ముఖ్యం. విశాఖపట్నం ఆకాశవాణి వచ్చింది 1963 ఆగస్టులో. విజయవాడ 1948 డిసెంబరులో. అంతకుముందు శ్రీకాకుళం విజయనగరం మనుషులు తెలుగు వినాలంటే ముఖ్యంగా 1938 జూన్ 16న మొదలైన మద్రాసు స్టేషన్ మీదే ఆధారపడేవారు, అదీ ఎక్కువగా రాత్రి పూటే. అంటే మన దగ్గర రేడియో అనేది మొదట్నుంచీ సాయంత్రం వినోదమే అయింది, పనులన్నీ అయ్యాక అనే కాదు, ఆకాశం కూడా ఆ వేళకే ఒప్పుకునేది.

మేడ మీద ఆయన ముందు మా సెట్టు పెట్టలేదు. తను చేసిన క్రిస్టల్ సెట్టు ఒకటి తెచ్చారు, చెక్కపలక మీద రాగి తీగ చుట్టిన కాయిలు, గెలీనా అనే సీసపు ఖనిజం రాయి ముక్క, దాని మీద ఆనించే సన్నటి తీగ, అంతే. బ్యాటరీ లేదు, ప్లగ్గు లేదు, గాల్లో వచ్చే తరంగం బలంతోనే హెడ్‌ఫోన్ మోగాలి. 1920ల్లో ఇంట్లో కూర్చుని వినడం మొదలుపెట్టిన జనంలో చాలామంది ఇలాంటి సెట్ల మీదే విన్నారు. అమెరికాలో పిట్స్‌బర్గ్ కేడీకేఏ స్టేషన్ 1920 నవంబర్ 2 రాత్రి ఎన్నికల ఫలితాలు చెప్పింది, లండన్లో బీబీసీ 1922 నవంబర్లో మొదలైంది, మన వైపు మద్రాసులో ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు 1924 జులై 31న ప్రసారాలు మొదలుపెట్టింది, 1927లో డబ్బుల్లేక మూతపడింది, తర్వాత 1930 నుంచి మద్రాసు కార్పొరేషన్ వాళ్ళు నడిపారు. బొంబాయి స్టేషన్ 1927 జులై 23న మొదలైనప్పుడు దాని బలం ఒకటిన్నర కిలోవాట్లు, ఊరు దాటి కొంచెం దూరం వెళ్తే క్రిస్టల్ సెట్టుకి అందేది కాదు. అలాంటి రోజుల్లో మనవాళ్ళకి అది ఎక్కడ అందుతుంది చెప్పండి.

ఒక్కళ్ళకే హెడ్‌ఫోన్ ఉంటే ఇంటిల్లిపాదీ ఎలా వినేవారు? ఆయన హెడ్‌ఫోన్‌ని ఖాళీ ఇత్తడి గిన్నెలో పెట్టారు. అందరం గిన్నె చుట్టూ తలలు వంచాం, టైలర్ గారి అబ్బాయి కూడా వచ్చాడు, అందులోంచి విశాఖ స్టేషన్ సన్నగా, కానీ మాట మాట తెలిసేలా వచ్చింది. ఆ రోజుల్లో ఇళ్ళల్లో నిజంగా చేసిన పనే ఇది. ఎవరూ దగ్గకూడదు, కుర్చీ జరపకూడదు. నేను ఎన్నో పాటలు పెద్ద పెద్ద స్పీకర్లలో విన్నా గానీ అంత శ్రద్ధగా వినడం ఎప్పుడూ జరగలేదు.

తర్వాత మా సెట్టు ఆన్ చేశారు. వాల్వులు వేడెక్కాలి, వెంటనే పలకదు, ముందు చిన్న హమ్ము, తర్వాత గరగర, తర్వాత మనిషి గొంతు. మేజిక్ ఐలో ఆకుపచ్చ వెలుగు స్టేషన్ సరిగ్గా కుదిరినప్పుడు దగ్గరకి మూసుకుంటుంది, అది చూసుకుంటూ ముల్లు తిప్పాలి. మా డయల్ మీద అంకెలు మీటర్లలో (అంటే తరంగం పొడుగులో) ఉన్నాయి, విశాఖ 927 కిలోహెర్ట్జ్ అంటే సుమారు 323 మీటర్ల దగ్గర. ఆ గొంతు గురించి ఒక్క మాట, ఫోన్లో వచ్చే శబ్దంతో పోల్చొద్దు, చెక్క పెట్టెలో ఊరి వచ్చే శబ్దం అది, మగ గొంతు అయితే మరీ బాగుంటుంది. తెలుగు అయ్యాక దూరం స్టేషన్లు వెతికాం, హిందీ వచ్చింది, తమిళం వచ్చింది, ఒకదాని మీద ఒకటి తేలుతూ మునుగుతూ.

ఆయన ఆ మధ్యలో ఊరి సంగతులు చెప్పారు. 1919లో పెట్టిన ఇక్కడి సంగీత కాలేజీకి హరికథల ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత వయొలిన్ ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఇక్కడ చదువుకున్న ఘంటసాల సినిమాల్లోకి వెళ్ళిన కొత్తల్లో మద్రాసు రేడియోలో పాడారు. అంటే మన వీధుల్లో నేర్చుకున్న పాట మద్రాసు వెళ్ళి, రాత్రిపూట ఆకాశం మీంచి మళ్ళీ మన ఇళ్ళల్లోకి దిగేదన్నమాట. కరెంటు లేని పల్లెల్లో కూడా 90 వోల్టుల బ్యాటరీ ప్యాకులతో సెట్లు నడిపేవారు, బ్యాటరీ అరిగిపోతుందని వార్తలకీ పాటలకీ మాత్రమే పెట్టేవారంట. అప్పట్లో రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సి వచ్చేది, ఆ చిన్న పుస్తకం మా సెట్టుది ఇంకా ఉంది, చూపిస్తే ఆయన చేతులు తుడుచుకుని పట్టుకున్నారు. నాకు ఈ షాపు మీద నమ్మకం కుదిరింది ఆ క్షణంలోనే.

ఇక బాగోలేనివి. టైము అస్సలు చెప్పరు. "అయిపోద్ది బావూ" అంటారు, వారాలు గడుస్తాయి, ఫోను ఎత్తరు, దూరం నుంచి వచ్చేవాళ్ళకి ఇది కష్టం. పనుల పుస్తకం ఒకటి పెట్టుకుని ఎవరి సెట్టు ఎంతవరకు వచ్చిందో రాసుకుంటే చాలు, ఆయనకీ తలనొప్పి తగ్గుతుంది. బిల్లు కూడా అడిగితేనే రాసిచ్చారు. షార్ట్ వేవ్ ఒక బ్యాండు ఇంకా వీక్‌గానే ఉంది, మళ్ళీ తెస్తే డబ్బులు తీసుకోకుండా చూస్తానన్నారు. చెక్కకి పాలిష్ వేయరు, అది వేరేచోట చేయించుకోవాలి.

ఇంటికి తెచ్చాక ఒక ఇబ్బంది వచ్చింది, అది షాపు తప్పు కాదు. చవక ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టరు, వీటన్నిటి గరగర మీడియం వేవ్ మీదకి వచ్చేస్తుంది. సాయంత్రం రేడియో పెట్టినంతసేపు ఆ గదిలో అవన్నీ ఆపేస్తున్నాం, పిల్లలు మొదట గొణిగారు, ఇప్పుడు వాళ్ళే వెళ్ళి ఛార్జర్లు పీకుతున్నారు. ఏరియల్ని కరెంటు తీగలకి దూరంగా, డాబా మీద ఎంత పొడుగు వీలైతే అంత కట్టండి, ఎర్త్ కూడా ఇవ్వండి, సగం తేడా అక్కడే ఉంది. ఉరుములప్పుడు ఏరియల్ విప్పేయండి.

వెళ్ళేవాళ్ళు సెట్టు వెనక అట్ట, నాబులు, ఊడిపోయిన చిన్న స్క్రూలతో సహా అన్నీ తీసుకెళ్ళండి, నాబులు ఇప్పుడు ఎక్కడా దొరకవు. సందులోకి కారు వెళ్ళదు, గంటస్తంభం దగ్గరే ఆపుకుని మోసుకెళ్ళాలి, బరువుంటుంది కాబట్టి ఇంకో మనిషిని తోడు పెట్టుకోండి. బ్లూటూత్ పెట్టమని మాత్రం అడగొద్దు, చెయ్యరు.