పాకాల కట్ట నుంచి కెరమెరి ఘాట్ దాకా: ముగ్గురం, మూడు సైకిళ్లు

మా తమ్ముడు పదేళ్లుగా కొండదారుల్లో సైకిల్ తొక్కుతున్నాడు. నేను గేర్ల సైకిల్ కొని రెండేళ్లయింది. మా అమ్మాయికి పదమూడేళ్లు, కాలనీ వీధులు దాటి ఎన్నడూ తొక్కలేదు. ముగ్గురికీ నచ్చే దారులు వెతుక్కుంటూ డిసెంబరులో నాలుగు రోజులు తిరిగాము. సైకిళ్లకూ మాకూ కలిపి హనుమకొండలో ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాము. ఎక్కడ ఎంత ఎత్తు ఎక్కాలో ముందే లెక్కలు వేసుకున్నాము కానీ, కాళ్ల కింద ఏ మట్టి ఉంటుందో ఒక్కరమూ ఆలోచించలేదు.

మొదట పాకాల. నర్సంపేట దాటాక అడవి అంచున, వరంగల్‌కు యాభై కిలోమీటర్ల దూరంలో ఉంది. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో కట్టించిన ఈ చెరువు విస్తీర్ణం దాదాపు 30 చదరపు కిలోమీటర్లు. ఒడ్డున నిలబడితే చుట్టూ కొండలు, నడుమ నీళ్లు. కొత్తగా నేర్చుకునేవారిని ఇక్కడికే తీసుకురమ్మంటాను. అలసిపోతే దిగి నీళ్లు చూస్తూ కూర్చోవచ్చు, వచ్చిన దారినే వెనక్కి మళ్లవచ్చు. మా అమ్మాయి మొదటి గంటలోనే మూడుసార్లు చైను ఊడగొట్టుకుంది. ఎక్కుడు మొదలయ్యాక, బలమంతా పెడలు మీద వేసి గేరు మార్చడమే కారణం. "ఎక్కుడు కనబడగానే మార్చుకోవాలి తల్లీ, ఎక్కేటప్పుడు కాదు" అని తమ్ముడు చెప్పాక ఒక్కసారి కూడా ఊడలేదు.

జారిపడింది మాత్రం నేను. పక్కదారిలో మొరం గులకల మీద, దిగుడులో, ముందు బ్రేకు గట్టిగా పట్టాను. మోచేయి గీరుకుపోయింది. ఇలాంటి నేల మీద వెనక బ్రేకును కొంచెం కొంచెంగా పడుతూ, బరువును సీటు వెనక్కి జరుపుకోవాలట. నేను పడ్డాక చెప్పాడు తమ్ముడు. టైర్లలో గాలి కాస్త తగ్గించుకున్నా పట్టు పెరుగుతుంది. సర్కారు తుమ్మ ముళ్లు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి కాబట్టి మనిషికి రెండు ట్యూబులు తప్పనిసరి. అభయారణ్యం లోపలి దారులకు అటవీశాఖ అనుమతి కావాలి. అది లేనందున మేము వెళ్లలేదు. తిండి కూడా వెంట తీసుకెళ్లడమే మేలు. మా అమ్మ కట్టిచ్చిన సర్వపిండి సాయంత్రం దాకా పనికొచ్చింది.

రెండో రోజు రామప్ప. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు, కాబట్టి పొద్దున్నే వెళ్లాలి. గుడి చూసి, దగ్గరలోని చెరువు వైపు, పొలాల మధ్య దారుల్లో తొక్కాము. కొద్దిగా అలవాటున్న నాలాంటివారికి ఇదే సరైన కొలత. అక్కడి నుంచి లక్నవరానికి జాతీయ రహదారి మీద తొక్కుదామని తమ్ముడు పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. లారీల పక్కన పిల్లను తొక్కించడం సాహసం అనిపించుకోదు. సైకిళ్లు ట్రాలీ ఎక్కాయి. మేడారం జాతర రెండేళ్లకొకసారి మాఘమాసంలో వస్తుంది. ఆ రోజుల్లో ఈ రోడ్డు మీద సైకిల్ ఊసే ఎత్తకూడదు.

లక్నవరంలో వేలాడే వంతెన, దీవులు అందరికీ తెలిసినవే. నాకు బాగా నచ్చింది పెద్ద రోడ్డు నుంచి చెరువు దాకా, వరిపొలాలు దాటి అడవిలోకి వెళ్లే దారి. ఆ రాత్రి మేము దిగిన బసలో మాత్రం సైకిళ్లు గదిలోకి తేవద్దన్నారు. బయట తాళం వేయడానికి ఒక కమ్మీ అయినా లేదు. చివరికి జనరేటరు గది తలుపుకు గొలుసు కట్టి పడుకున్నాము. మంచాలు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు వచ్చాయి, చేపల పులుసు అద్భుతం. అయినా సైకిళ్ల సంగతి ముందే ఫోనులో అడిగి తేల్చుకోండి.

రేగొండ వైపు పాండవుల గుట్టలకూ వెళ్లాము. ఆదిమానవుల బొమ్మలున్న ఇసుకరాతి గుట్టలు అవి. ఎక్కి చూడాల్సిన చోటే తప్ప సైకిల్‌కు కాదు.

చివరిది తమ్ముడి కోరిక: ఆసిఫాబాద్ నుంచి ఉట్నూరు వెళ్లే దారిలో కెరమెరి ఘాట్. తారు రోడ్డే, కానీ మలుపు తిరిగిన ప్రతిసారీ ఇంకో ఎక్కుడు. అమ్మాయి ట్రాలీలో కూర్చుంది. నేను సగం తొక్కి, సగం తోసుకుంటూ ఎక్కాను. తమ్ముడు పైకి వెళ్లి, తిరిగి కిందికి వచ్చి, మళ్లీ ఎక్కాడు! దిగేటప్పుడు ఎదురుగా బస్సు వస్తుందనే అనుకుని ఎడమ అంచునే ఉండాలి. ఇక్కడ డిసెంబరు చలికి చేతి తొడుగులు లేకపోతే బ్రేకు పట్టే వేళ్లు కొంకర్లు పోతాయి.

మర్నాడు పొద్దున కొమురం భీం 1940లో నేలకొరిగిన జోడేఘాట్ చూసి, ఒక చేల దారిలోకి దిగాము. రాత్రి చిన్న జల్లు పడింది. నల్లరేగడి. వంద గజాలు పోకముందే టైరుకూ, దాన్ని పట్టి ఉంచే ఫోర్కు కడ్డీలకూ మధ్య మట్టి కూరుకుపోయి చక్రాలు తిరగడం మానేశాయి. ఘాట్‌ను రెండుసార్లు ఎక్కిన మనిషి సైకిల్‌ను భుజాన వేసుకుని నడిచాడు. నీళ్లతో కడిగితే ఇంకా అంటుకుంటుంది. ఎండకు కాస్త ఆరనిచ్చి పుల్లతో గీకమని పక్క చేలో పత్తి ఏరుతున్న పెద్దమ్మ చెప్పింది. గంటన్నర గట్టు మీద కూర్చుని గీకాము.

"మామయ్యా, మళ్లీ పాకాలకే పోదాం" అంది అమ్మాయి. తమ్ముడు మాట్లాడకుండా ఇంకో పుల్ల విరిచాడు.