ఆర్చ్‌టాప్ గిటార్ మీద నికెల్ బ్రాంజ్ తీగలు: నెల్లూరు గాలిలో ఎలా ఉన్నాయి?

చూసింది డడారియో కంపెనీ నికెల్ బ్రాంజ్ గిటార్ తీగల సెట్, ఎన్‌బీ1253. సన్న తీగ 12, లావు తీగ 53 (అంగుళంలో వెయ్యో వంతుల లెక్క). ఎక్కించింది చెక్క బ్రిడ్జి (తీగలను మోసే దిమ్మ), పలకకు తగలని ఫ్లోటింగ్ పికప్ (తీగ అదురును ఆంప్‌కు పంపే భాగం) ఉన్న ఆర్చ్‌టాప్ మీద, అంటే పై పలక వయొలిన్‌లా ఉబ్బెత్తుగా ఉండే గిటార్ మీద. తీగలు బాగున్నాయి. కానీ ఆంప్ లేకుండా గిటార్ పలకాలంటే ఈ ప్యాకెట్ కొనడం రెండో పని. మొదటిది సాండ్‌పేపర్ కొనడం.

మామూలు అకౌస్టిక్‌లో బ్రిడ్జిని పలకకు అతికిస్తారు. ఆర్చ్‌టాప్‌లో అది తీగల ఒత్తిడికే నిలబడుతుంది, తీగల కొసలు వెనక టెయిల్‌పీస్‌కు తగులుకుంటాయి. కాబట్టి తీగ అదురు పలకకు చేరే దారి బ్రిడ్జి పాదాలే. అవి అంచుల్లో ఆని మధ్యలో సందు వదిలితే ఏ తీగ వేసినా రేకుడబ్బా మోతే. పల్చటి కాగితం పాదం కింద దూర్చి చూడండి. దూరిందా, బ్రిడ్జి చోటు టేపుతో గుర్తుపెట్టి తీగలు వదులు చేసి బ్రిడ్జిని తీసేయండి. 120 నంబర్ సాండ్‌పేపర్‌ను గరుకు వైపు పైకి పెట్టి సరిగ్గా అదే చోట పరిచి, అంచులకు టేపు వేయండి. పాదాన్ని కింది నుంచే పట్టుకుని తీగల దిశలో ముందుకూ వెనక్కూ రుద్దండి. పైన పట్టుకుని రుద్దితే పాదం ఊగి, అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. చివర 220 నంబరు. అరిగిన ఎత్తును తంబ్‌వీల్స్ (బ్రిడ్జి ఎత్తు పెంచే చిన్న చక్రాలు) తిప్పి సరిచేసుకోవచ్చు. బ్రిడ్జి పైభాగం ట్యూనోమాటిక్ అనే లోహపుది అయితే రోజ్‌వుడ్ చెక్కదో ఎబొనీ చెక్కదో మార్చండి, ఆంప్ లేని మోతకు ఆ బరువే అడ్డం.

ఇక తీగలు. ఒక్కొక్కటిగా మార్చాలి, అన్నీ ఒకేసారి విప్పితే బ్రిడ్జి జారుతుంది. 80/20 బ్రాంజ్ (80 పాళ్లు రాగి, 20 పాళ్లు జింకు) కొత్తలో గణగణలాడుతుంది, చెక్కిన స్ప్రూస్ పలక మీద కాస్త గీసుకున్నట్టు వినిపిస్తుంది. ఫాస్ఫర్ బ్రాంజ్ తియ్యదనం ఎక్కువ. ఈ సెట్‌లో ఉక్కు తీగ మీది ఫాస్ఫర్ బ్రాంజ్ చుట్టుకు నికెల్ పూత ఉంటుంది. తళుకు తగ్గి చెక్క గొంతే ముందుకు వస్తుంది, తాళం కొట్టినప్పుడు కార్డులో స్వరాలు విడివిడిగా వినిపిస్తాయి. ఆర్చ్‌టాప్‌కు కావలసింది అదే. 11 సెట్ మాత్రం వద్దు, బ్రిడ్జి మీద ఒత్తిడి చాలదు. చేతికి ఓపికుంటే 13. కౌంట్ బేసీ జాజ్ బృందంలో 1937 నుంచి గిటార్ వాయించిన ఫ్రెడ్డీ గ్రీన్ ఆంప్ లేకుండానే బ్యాండులో వినపడ్డాడంటే, లావు తీగలు, ఎత్తైన యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) పుణ్యమే. మనకు అంత ఎత్తు అక్కర్లేదు: 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగకు 2.5 మి.మీ., సన్నదానికి 2 మి.మీ. చాలు. పిక్ 1.5 మి.మీ. మందం.

లోపాలు రెండు. ఆంప్‌కు తగిలిస్తే చుట్టు తీగలు తగ్గి, సాదా తీగలు (బీ, ఈ) పైకి వస్తాయి. అయస్కాంత పికప్‌కు వినిపించేది చాలావరకు లోపలి ఉక్కు కాబట్టి. పికప్‌లో సాదా తీగల కింద ఉండే పోల్ స్క్రూలు దించితే కొంత సర్దుకుంటుంది. పికప్‌కు స్క్రూలు లేకపోతే ఈ సెట్ మీకు కాదు.

రెండోది మన ఊరి సమస్య. తీగలకు పైన రక్షణ పొర లేదు. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి, చెమట చేతులకు ముందు సాదా తీగలే బిన్నా తుప్పు పడతాయి. వాయించాక ప్రతిసారీ పొడిగుడ్డతో పైనా కిందా తుడవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో పలక ఉబ్బి యాక్షన్ లేస్తుంది, రోహిణి కార్తె వడగాలికి దిగి తీగలు గరగరమంటాయి. గిటార్ పెట్టెలో తేమ 45–55 శాతం మధ్య ఉంచండి. వానల్లో దానికి సిలికా జెల్ చాలు. మొలగొలుకుల బియ్యం పోసిన మూట పెడితే పెరిగేది పురుగే.

సెట్ మార్చాక ఏదో జల్లుమంటే తీగల్ని అనుమానించకండి. బ్రిడ్జికీ టెయిల్‌పీస్‌కూ మధ్య తీగల్లో ఫెల్ట్ పట్టీ అల్లండి, పిక్‌గార్డ్ బ్రాకెట్ స్క్రూ బిగించండి. పెళ్లి పందిట్లో మైకు పెడితే పలక మీది ఎఫ్ ఆకారపు రంధ్రానికి సూటిగా కాకుండా బ్రిడ్జి వైపు తిప్పి, 25 సెం.మీ. దూరంలో.