కలిసి చూడటమా, కలిసి కట్టడమా, విడివిడిగా చూసి కలపడమా: ఏది మేలు?

స్క్వేర్ కిలోమీటర్ ఎర్రే, అంటే ఎస్‌కేఏ అనే భారీ రేడియో టెలిస్కోపు కోసం, మన దేశం 1,250 కోట్ల రూపాయలు కేటాయించిందని తెలిసిన దగ్గర్నుంచి నన్ను అడిగేవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. అంత డబ్బు పెట్టి వేరే ఖండాల్లో టెలిస్కోపులు కట్టడం ఎందుకు, ఉన్నవాటినే కలిపి వాడుకుంటే చాలదా, బ్లాక్ హోల్ ఫొటో అలాగే తీశారు కదా అని. అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే రేడియో ఖగోళంలో, అంటే ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టి చదివే శాస్త్రంలో, దేశాలు కలిసి పనిచేసే దారులు రెండు కాదు, మూడు. ఉన్న టెలిస్కోపులన్నిటినీ ఒకే వేళకు ఒకే వైపు తిప్పి ఒక్కటిగా వాడటం మొదటిది. అందరూ డబ్బు వేసుకుని కొత్తది కట్టడం రెండోది. ఎవరి టెలిస్కోపుతో వాళ్లు ఏళ్ల తరబడి చూసి, ఆ డేటాను ఒకచోట చేర్చడం మూడోది. ఈ మూడోదాని గురించి అడిగేవాళ్లే తక్కువ. నా మొగ్గు మాత్రం దాని వైపే.

చూపు పదును ముఖ్యమైతే మొదటిదాన్ని మించింది లేదు. డిష్‌ల మధ్య ఎడం పెరిగేకొద్దీ సన్నటి వివరాలు తెలుస్తాయి. 2017 ఏప్రిల్‌లో ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ పేరుతో ఆరు చోట్ల ఉన్న ఎనిమిది టెలిస్కోపులు ఇలా ఒక్కటయ్యాయి. అన్ని చోట్లా ఆకాశం ఒకేసారి అనుకూలించాలి. వచ్చిన డేటా ఇంటర్నెట్‌లో పంపలేనంత ఉంటుంది, హార్డ్ డిస్కులకెక్కించి, వాటిని కలిపే కేంద్రాలున్న అమెరికాలోని హేస్టాక్‌కి, జర్మనీలోని బాన్‌కి విమానాల్లో పంపారు. దక్షిణ ధ్రువానికి అక్కడి చలికాలంలో విమానాలు నడవవు, అక్కడ ఏప్రిల్‌లో నిండిన డిస్కులు చేరేసరికి డిసెంబరు వచ్చింది.

2019లో ఆ డేటాతో ఎం87 అనే గెలాక్సీ మధ్యలోని బ్లాక్ హోల్ ఫొటో బయటికొచ్చినప్పుడు దాని కంటే దాన్ని తయారుచేసిన తీరు నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. బొమ్మ గీసే పనిని నాలుగు జట్లకిచ్చి, ఒకరి పని ఒకరికి తెలియకుండా కట్టుదిట్టం చేశారు. చివరికి నాలుగు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే అన్నిట్లోనూ అదే ఉంగరం. డేటా అందరికీ ఒకటే కాబట్టి ఒకరి ఊహ ఇంకొకరికి అంటుకుంటుందేమోనన్న జాగ్రత్త అది. మూడో పద్ధతిలో ఆ జాగ్రత్త విడిగా తీసుకోనక్కర్లేదు, టెలిస్కోపులే వేరు, మనుషులే వేరు. నా లెక్కలో తేల్చే విషయం ఇదే: తప్పు జరిగితే పట్టుకునే రెండో కన్ను ఉందా లేదా?

దీనికి 1991-92 నాటి ఉదంతం ఒకటి చెప్పాలి. ఇంగ్లండ్‌లోని జోడ్రెల్ బ్యాంక్‌లో ఆండ్రూ లైన్ బృందం ఒక పల్సార్ (క్రమం తప్పకుండా రేడియో మిణుకులు పంపే చచ్చిన నక్షత్రం) చుట్టూ ఆరు నెలలకోసారి తిరిగే గ్రహం ఉందని 1991లో ప్రకటించింది. ఆరు నెలలంటే సరిగ్గా భూమి సూర్యుడి చుట్టూ తిరిగే కాలంలో సగం. చివరికి తేలిందేమిటంటే, పల్సార్ ఉన్న చోటును కాస్త తప్పుగా తీసుకున్నారు, భూమి కక్ష్య పూర్తి గుండ్రంగా లేదన్నది లెక్కలో సరిగా రాలేదు. అదే సమయంలో ప్యూర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోపుతో చూస్తున్న అలెగ్జాండర్ వోల్‌ష్చాన్‌కి వేరే పల్సార్ దగ్గర గ్రహాలున్నట్టు అలాంటి సంకేతమే దొరికింది. ఆయన వెంటనే ప్రకటించలేదు. అమెరికాలోని న్యూ మెక్సికోలో వీఎల్ఏ అనే రేడియో టెలిస్కోపు దగ్గరున్న డేల్ ఫ్రెయిల్‌ను పల్సార్ స్థానం కచ్చితంగా కొలిచి పెట్టమని అడిగారు. ఆ కొలతతో లెక్క కట్టినా సంకేతం పోలేదు. సౌరకుటుంబం బయట రూఢి అయిన తొలి గ్రహాలు అవే. 1992 జనవరిలో అమెరికాలోని అట్లాంటాలో జరిగిన ఖగోళ శాస్త్రవేత్తల సభలో లైన్ నిలబడి తమ పొరపాటు ఒప్పుకుంటే సభంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత మాట్లాడింది వోల్‌ష్చానే. ఒకే రకం పనిలో ఒకరు నిలిచారు, ఒకరు వెనక్కి తీసుకున్నారు. నాకు కనిపించే తేడా పక్క అబ్జర్వేటరీ ఇచ్చిన ఆ ఒక్క కొలత.

పల్సార్ టైమింగ్ బృందాలు ఇప్పుడు ఇదే పనిని పెద్ద ఎత్తున చేస్తున్నాయి. పల్సార్లు కచ్చితమైన గడియారాల్లాంటివి. గురుత్వ తరంగాలు, అంటే అంతరిక్షంలోనే పుట్టే అలలు, దాటిపోతే వాటి టిక్కులు సెకనులో కోట్లవంతు అటూఇటూ అవుతాయి. అది పట్టాలంటే పదేళ్లు, పదిహేనేళ్లు చూడాలి. పల్సార్‌కీ మనకీ మధ్యలో ఉన్న ఎలక్ట్రాన్లు ఇంకో చిక్కు. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలను అవి ఎక్కువ ఆలస్యం చేస్తాయి: 1400 మెగాహెర్ట్జ్ దగ్గర ఎంతో, 400 దగ్గర దానికి 12 రెట్లు. కాబట్టి ఆ ఆలస్యాన్ని కొలవాలంటే కింది ఫ్రీక్వెన్సీలే మేలు. పుణె దగ్గర ఖోడద్‌లో ఉన్న మన జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు బలం అక్కడే ఉంది. దాని 30 డిష్‌లను గుంపులుగా విడదీసి, ఒక గుంపుతో 300-500 మధ్య, ఇంకో గుంపుతో 1260-1460 మధ్య ఒకే పల్సార్‌ను ఒకేసారి చూస్తారు. భారత్, జపాన్ కలిసి నడిపే ఈ బృందంలో మన హైదరాబాద్ ఐఐటీ వాళ్లూ ఉన్నారు. యూరప్ వాళ్ల దగ్గర దాదాపు 25 ఏళ్ల డేటా ఉంది, మన దగ్గర మూడున్నరేళ్లదే. అయినా కలిపారు, ఎందుకంటే వాళ్ల దగ్గర లేనిది మన దగ్గర ఉంది.

2023 జూన్ 29న యూరప్-భారత్, ఉత్తర అమెరికా, ఆస్ట్రేలియా, చైనా బృందాలు ఒకే రోజు గురుత్వ తరంగాల జాడపై ఫలితాలు చెప్పాయి. ఏ ఒక్కరూ విడిగా 5 సిగ్మా గీత, అంటే కనుక్కున్నామని గట్టిగా చెప్పడానికి శాస్త్రవేత్తలు పెట్టుకున్న హద్దు, దాటలేదు. కొందరికి బలంగా, కొందరికి బలహీనంగా దొరికింది. కానీ నలుగురు విడివిడిగా చూసి ఒకే తరహా జాడ చెప్పడం నాకు ఒక పెద్ద సంఖ్య కంటే ఎక్కువ నమ్మకం కలిగించింది. పైగా 2020 డిసెంబరులో అరెసిబో కూలిపోయినా, అప్పటిదాకా అది సేకరించిన డేటా ఉత్తర అమెరికా బృందం లెక్కలో ఉంది, మిగతా టెలిస్కోపులు పని సాగించాయి.

ఈ దారిలో కష్టం లేదనను. ఒక్కో అబ్జర్వేటరీ ఫైళ్లు ఒక్కో రకం. కేబుళ్లలో, రిసీవర్లలో జరిగే ఆలస్యాలు దేనివి దానివే, వాటిని ఒక్కొక్కటీ లెక్కకట్టి సరిచేయాలి. దానికే ఏళ్లు పడతాయి, ఫొటోల్లా పేపర్ మొదటి పేజీకీ ఎక్కదు.

ఇక కలిసి కట్టడం. చిలీలో దేశాలు కలిసి కట్టిన అల్మా టెలిస్కోపు 66 యాంటెన్నాలతో బాగా నడుస్తోంది, ఆ విషయంలో వాదన లేదు. ఎస్‌కేఏ ఆస్ట్రేలియాలో 1,31,072 చిన్న యాంటెన్నాలు, దక్షిణాఫ్రికాలో 197 డిష్‌లు పెడుతోంది. అంత సున్నితమైన చూపు ఉన్నవాటిని ఎన్ని కలిపినా రాదు. కాబట్టి 1,250 కోట్లు దండగ అనను, ఇవ్వాల్సిందే. కానీ ఎస్‌కేఏ రెండు చోట్లా భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నాయి, ఉత్తర ధ్రువం వైపు ఆకాశం వాటికి కనబడదు. ఖోడద్‌కి కనబడుతుంది. ఎస్‌కేఏ వచ్చాక జీఎంఆర్‌టీ ఎందుకని ఎవరైనా అడిగితే, అరెసిబో కొలతను సరిచూడటానికి వీఎల్ఏ ఎందుకు కావాల్సి వచ్చిందో వాళ్లకి చెప్పండి.