స్టెంట్ పడ్డాక నాన్నతో కాశీ

నాన్నకి స్టెంట్ వేశాక మా ఇంట్లో చావు అన్న మాట ఎత్తకూడదు, ఎత్తితే అమ్మ అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోతుంది. ఆయనేమో బీపీ మెషిన్ పక్కన పెట్టుకుని సోఫా దిగడం మానేశాడు. అలాంటి మనిషి కాశీ వెళ్దాం అంటే డాక్టర్‌ని అడిగి నవంబర్‌లో బయల్దేరాం.

సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కాశీ పక్కనున్న మొఘల్‌సరాయ్‌లో దిగాం (ఇప్పుడు పేరు మార్చారు లెండి). పెద్దవాళ్ళుంటే ఫ్లైటే నయం.

పాండే హవేలీలో శ్రీరామతారక ఆంధ్రాశ్రమంలో ఉన్నాం. గదులు సాదాసీదాగా ఉంటాయి, కానీ మధ్యాహ్నం మన భోజనం, అందరూ మన భాషే, అమ్మకి అదే పెద్ద సుఖం. తొమ్మిది నిద్రలు (కాశీలో తొమ్మిది రాత్రులు ఉండటం) చేసేవాళ్ళు ఎక్కువ కాబట్టి ముందే మాట్లాడుకోండి. ఆటో సందులోకి రాదు, లగేజీ మోసుకోవాలి.

విశ్వనాథుడి గుడి దగ్గర ఫోన్లు లాకర్లో పెట్టాల్సిందే. 2021లో కారిడార్ తెరిచాక గంగ ఒడ్డునుంచే లోపలికి దారి ఉంది.

శవదహనాలు జరిగే ఘాట్లు రెండు. హరిశ్చంద్ర ఘాట్ మా ఆశ్రమం నుంచి నడకే, కేదార్ ఘాట్ దాటితే వస్తుంది, కాస్త ప్రశాంతం. మణికర్ణిక అలా కాదు, అడుగు పెట్టగానే పొగ, వేడి, కొండల్లా కట్టెలు, వాటిని తూచే పెద్ద కాటా. ఫోటోలు తీయకండి. అనాథ శవాలకి కట్టెలకని వేలు అడిగాడొకడు, తల అడ్డంగా ఊపి ముందుకెళ్ళిపోవడమే. నాన్న మాత్రం కాటా దగ్గర నిలబడి ఏ కట్టె ఎంత, ఒక మనిషికి ఎన్ని మణుగులు అని వచ్చీరాని హిందీలో బేరంలా అడుగుతూనే ఉన్నాడు, అమ్మ చెయ్యి పట్టి లాగినా కదల్లేదు!

పైకొచ్చి మట్టి కప్పుల్లో టీ తాగుతుంటే, "ఒరేయ్, నన్ను రోజుల తరబడి వెంటిలేటర్ మీద పెట్టి అప్పులపాలవకండి, పొలం నీకూ తమ్ముడికీ రాసేస్తా" అన్నాడు. అమ్మ లేచి వెళ్తుందనుకున్నా. "రాసేదేదో ఆడపిల్లకి కూడా రాయండి" అంది. ఏళ్ళుగా ఇంట్లో కుదరని మాటలు అక్కడ రెండో టీ అయ్యేలోపు తేలిపోయాయి.

గిర్జాఘర్ చౌరస్తా దగ్గర ముక్తి భవన్ కూడా ఉంది, చావు దగ్గరపడ్డవాళ్ళకే గది ఇస్తారు, అదీ రెండు వారాల దాకా. టూరిస్టుల్లా తొంగిచూసే చోటు కాదని మేం వెళ్ళలేదు.

వచ్చాక వీలునామా రిజిస్టర్ అయింది, బీపీ మెషిన్ అలమరలోకెళ్ళింది (డాక్టర్ చూడమన్నప్పుడే తీస్తున్నాడు). ఇప్పుడు బద్రీనాథ్ అంటున్నాడు, అదేమో పదివేల అడుగుల ఎత్తు. స్టెంట్ ఉన్నవాళ్ళని తీసుకెళ్ళినవాళ్ళెవరైనా ఉంటే కాస్త చెప్పండి.