మాటల్లేని ఒక్క స్క్రిప్టు కోసం దాచుకున్న పుస్తకం

ట్విలైట్ జోన్ అనే పాత అమెరికన్ టీవీ సీరియల్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు, చూసినవాళ్లకి తెలుసు. నేను చెప్పేది ఆ సీరియల్‌కి రిచర్డ్ మాథెసన్ రాసిన స్క్రిప్టుల పుస్తకం, మొదటి సంపుటం గురించి. ఆరేళ్లుగా నా దగ్గరుంది. మొత్తం 156 ఎపిసోడ్లలో 92 ఆ సీరియల్ సృష్టికర్త రాడ్ సెర్లింగే రాశాడు కాబట్టి పేరంతా ఆయనకే పోయింది. మాథెసన్ రాసినవి 14. నాకైతే వాటిలో ఒక్కటి చాలు.

అది ది ఇన్వేడర్స్, 1961 జనవరిలో వచ్చింది. ఊరికి దూరంగా, కరెంటు లేని ఇంట్లో ఒక ఆడమనిషి ఒంటరిగా ఉంటుంది. వంట చేసుకుంటుంటే పైకప్పు మీద ఏదో పడ్డ చప్పుడు. ఎక్కి చూస్తే చిన్న ఎగిరే పళ్లెం, అందులోంచి దిగిన జానెడు మనుషులు. ఆ పాత్ర వేసిన ఆగ్నెస్ మూర్‌హెడ్ ఎపిసోడంతా ఒక్క మాట మాట్లాడదు, మూలుగులూ అరుపులే. మరి కాగితం మీద ఏముంటుందిలే అనుకుని మొదట్లో ఆ పేజీలు తిప్పేశాను.

రెండేళ్ల కిందట వానాకాలంలో తెనాలి దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో ఉన్నప్పుడు రాత్రి కరెంటు పోయింది. ఆవిడకి చూపు తగ్గింది, నాకేమో ఫోన్లో చార్జింగ్ లేదు. కొవ్వొత్తి వెలుగులో ఈ స్క్రిప్టు తీసి అప్పటికప్పుడు తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో డైలాగులు అడ్డం రావు కాబట్టి అచ్చం కథలాగే సాగింది. వాళ్లు వంటింటి కత్తి ఎత్తుకెళ్లారనగానే అమ్మమ్మ లేచి మా వంటింటి తలుపు గడియ పెట్టొచ్చింది. ఒకణ్ణి దుప్పట్లో చుట్టి మంటల్లో పడేసిన చోట "మంచి పని చేసింది" అంది. చివర్లో ఆ వచ్చినవాళ్లెవరో తెలుస్తుంది, అది నేనిక్కడ చెప్పను, అరవై ఏళ్లుగా అందరూ నోరు తెరిచేది అక్కడే. అమ్మమ్మ మాత్రం తెరవలేదు. "ఎవరైతే ఏంట్రా, అడక్కుండా ఇంట్లో దూరారుగా" అంది.

ఆ రాత్రి తర్వాత షార్ట్ ఫిల్మ్ తీసే స్నేహితులందరికీ, స్క్రిప్టులు చదవడానికి కూడా బాగుంటాయని, రాయడం నేర్చుకోవాలంటే ఇదొక్కటి చాలని ఊదరగొట్టాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. అదే ఊపులో నేనూ మాటల్లేని పది నిమిషాల సినిమా ఒకటి తీస్తే, చూసినవాళ్లు సౌండ్ పోయిందా అని అడిగారు. పైగా ఇదే సంపుటంలో మూకీ సినిమాల హాస్యనటుడు బస్టర్ కీటన్ కోసం రాసిన వన్స్ అపాన్ ఎ టైమ్ ఉంది, అందులోనూ కొంతభాగం మూకీయే. చదివితే ఒక్కచోటా నవ్వు రాలేదు, కీటన్ పడాలి, లేవాలి, అప్పుడే అది నవ్వు. కాబట్టి స్క్రిప్టులు చదవడానికి కూడా బాగుంటాయన్న నా మాటలో సగం వెనక్కి తీసుకుంటున్నా.

బైండింగ్ గురించి ఏం చెప్పను, నాలుగో ఏడాదికే జిగురు ఊడి పేజీలు చేతికొచ్చాయి. నాది సెకండ్ హ్యాండ్ కాపీ, పుస్తకం తప్పో, ముందు వాడినవాళ్ల తప్పో మరి. జిరాక్స్ షాపులో స్పైరల్ వేయిస్తే కొన్ని పేజీల్లో అంచున అక్షరాలు చిల్లుల్లో పోయాయి.

ఇంగ్లీషులో చదివే ఓపిక, ఎపిసోడ్లు ముందే చూసిన అలవాటు ఉంటే కొనొచ్చు. ఇంట్లో వినేవాళ్లుంటే ఇంకా మంచిది. రెండో సంపుటం నేనింకా కొనలేదు. విమానం రెక్క మీద భూతం కనపడే కథ అందులోనే ఉంది, కానీ అమ్మమ్మ ఎప్పుడూ విమానం ఎక్కలేదు, అది ఆవిడకి ఎక్కుతుందో లేదో.