పీఎంఎఫ్‌ఎంఈ సాయం: బ్యాంకు గడప దాకా బాగుంది, గానుగ దగ్గరే తంటా

పల్లెల్లో నూనె గానుగ, కారంపొడి, చిక్కీ, చిరుధాన్యాల మిల్లు లాంటివి పెట్టుకునే చిన్నవాళ్ల కోసం కేంద్ర ఆహారశుద్ధి శాఖ 2020 జూన్‌లో తెచ్చిన పథకం పీఎంఎఫ్‌ఎంఈ, అంటే ప్రధానమంత్రి సూక్ష్మ ఆహారశుద్ధి సంస్థల పథకం. 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు వస్తుందన్న మాట ఊరూరా తెలుసు. దాంతోపాటు జిల్లా రిసోర్స్ పర్సన్, అంటే డీఆర్‌పీ, ఉచితంగా దొరుకుతారన్నది మాత్రం చాలామందికి తెలియదు. ప్రాజెక్టు రిపోర్టు రాయడం, పోర్టల్‌లో దరఖాస్తు ఎక్కించడం, బ్యాంకుతో మాట్లాడటం, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ), జీఎస్టీ, ఉద్యమ్ (చిన్న పరిశ్రమల నమోదు) రిజిస్ట్రేషన్లు చేయించడం ఆయన బాధ్యత. ఈ రివ్యూ ఆ సేవ గురించే. ఉదాహరణకు అనంతపురం లాంటి వానాధారపు నేలలో స్వయం సహాయక సంఘం మహిళ ఒకరు వేరుశనగ గానుగ పెట్టుకుంటారనుకుందాం. ఆ జిల్లాకు 'ఒక జిల్లా ఒక ఉత్పత్తి' కింద ఇచ్చింది కూడా వేరుశనగే.

డీఆర్‌పీకి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ముందు తెలుసుకోవాలి. ఈ సేవలో మంచీ చెడూ రెండూ అక్కడే పుడతాయి. ఆయనకు నెలజీతం లేదు. మంజూరైన ఒక్కో లోనుకు 20,000 రూపాయలు ప్రభుత్వం ఇస్తుంది. సగం బ్యాంకు మంజూరు చేశాక, మిగతా సగం యూనిట్ పెట్టి, రిజిస్ట్రేషన్లూ శిక్షణా పూర్తయ్యాక. అందుకే మంజూరు దాకా పని చకచకా సాగుతుంది. రిపోర్టు కూడా బ్యాంకు మేనేజరును ఒప్పించేలా ఉంటుంది. గానుగ నడిపేవాళ్లు దాన్ని ముందేసుకుని పని మొదలుపెడితే ఇబ్బందే.

కాగితాల పనికి మంచి మార్కులే వేయాలి. ఆధార్, పాన్, పాస్‌బుక్కు, షెడ్డు తాలూకు పత్రం, మిషను కొటేషన్ ఇస్తే చాలు, మిగతాది ఆయన చూసుకుంటారు. ఒక కుటుంబం నుంచి ఒక్కరికే అర్హత, స్థలం ఖర్చు లెక్కలోకి రాదు, షెడ్డు ఖర్చు ప్రాజెక్టులో 30 శాతం దాటకూడదు. సొంతంగా దరఖాస్తు పెట్టినవాళ్లు తడబడేది ఈ మూడింటి దగ్గరే. పాత అప్పులు ఎలా కట్టామో చూపే సిబిల్ రిపోర్టు మాత్రం డీఆర్‌పీని కలవకముందే తీసుకోండి. మాఫీ వస్తుందని కట్టకుండా ఆపిన పంట రుణం ఒక్కటి చాలు, ఫైలు బ్యాంకులోనే ఆగిపోవడానికి.

సబ్సిడీ చేతికి వచ్చే డబ్బు అనుకుంటే పొరపాటు. ప్రాజెక్టు 10 లక్షలనుకోండి. మన వాటా కనీసం 10 శాతం, అంటే లక్ష. బ్యాంకు లోను 9 లక్షలు. సబ్సిడీ 3.5 లక్షలు వచ్చి మన లోను పక్కనే మిర్రర్ ఖాతాలో, అంటే మనం తీసుకోలేని విడి ఖాతాలో, కూర్చుంటాయి. చివరి విడత లోను విడుదలైన నాటి నుంచి మూడేళ్లు ఖాతా సక్రమంగా ఉండి, యూనిట్ నడుస్తుంటేనే ఆ మొత్తం లోనులో జమవుతుంది. ఈలోగా ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, కాకుండా చూసుకోవాలి. సబ్సిడీ ఉన్న మేరకు లోను మీద వడ్డీ పడకూడదు కాబట్టి స్టేట్‌మెంట్‌లో ఆ సంగతి చూసుకోవాలి.

ఇక అసలు బలహీనత సాంకేతికం. గానుగ రిపోర్టుల్లో 100 కిలోల గింజలకు 45 కిలోల నూనె అని రాసేస్తుంటారు. గింజలో నూనె అంత ఉండేమాట నిజమే, అదంతా బయటికి రాదు. మరతో పిండే ఎక్స్‌పెల్లర్ కూడా నూనె తీశాక మిగిలే చెక్కలో కొంత వదిలేస్తుంది, కట్టె గానుగ ఇంకా ఎక్కువ వదులుతుంది. 38 నుంచి 40 కిలోలు వేసుకోవడం క్షేమం. కాయల నుంచి లెక్కేస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. క్వింటాలు కాయలు ఒలిస్తే మంచి ఏడాదిలో 70 కిలోల గింజలు, రిపోర్టు ప్రకారం 31.5 కిలోల నూనె. గానుగ దగ్గర తూచితే 27 కిలోలు. క్వింటాలుకు నాలుగున్నర కిలోల నూనె కాగితం మీదే ఉండిపోయింది, వాయిదా మాత్రం ఆ నూనెనీ కలిపి లెక్కగట్టారు. వాన ముఖం చాటేసిన ఏడాది గింజ చిక్కి 70 కూడా రాదు. కాబట్టి సంతకానికి ముందే ఆ పేజీ తెరిపించి 38 శాతంతో, 65 కిలోల గింజలతో మళ్లీ లెక్క వేయించండి. అప్పుడూ వాయిదా నిలబడితేనే ముందుకు వెళ్లాలి.

తేమ గురించి రిపోర్టులో ఒక్క వాక్యం కూడా కనబడదు. కాయ 8 శాతం తేమకు ఆరాలి. మీటరు లేకపోయినా చెవి పక్కన ఊపితే లోపల గింజ గలగలమనాలి, వేళ్ల మధ్య నలిపితే పొట్టు ఊడిరావాలి. పచ్చి మీద మూట కడితే బూజు, దాంతో అఫ్లాటాక్సిన్ అనే విషం. రిఫైనరీలో అది చాలావరకు పోతుంది. గానుగ నూనెను రిఫైన్ చేయం కాబట్టి నూనెలోకీ చెక్కలోకీ వస్తుంది. ఆ చెక్క పాడి పశువుకు పెడితే పాలలోకీ చేరుతుంది. ముడుచుకున్నవీ, నల్లబడినవీ, పగిలినవీ చేత్తో ఏరెయ్యడమే మందు, ఆ కూలి లెక్కలో పెట్టాలి. మరీ ఎండిన గింజైతే గానుగలో చెక్క కట్టదు, చిటికెడు గోరువెచ్చని నీళ్లు చిలకరించాలి. పట్టిన నూనెను రెండు మూడు రోజులు తేర్చకుండా సీసాల్లో పోస్తే అడుగున మడ్డి కనిపించి సరుకు వెనక్కి వస్తుంది.

కరెంటుదీ ఇదే కథ. రిపోర్టులో నెల బిల్లే ఉంటుంది. గానుగ మోటారుకు త్రీఫేజ్ కావాలి, ఇంటి సర్వీసు సింగిల్ ఫేజ్. షెడ్డు ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరమైతే స్తంభాలు, తీగల ఖర్చు మనమే కట్టుకోవాలి. మిషను ఆర్డరుకు ముందే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఎస్టిమేట్ తెచ్చుకోండి. పొలం మోటారు సర్వీసు నుంచి లాగితే కేసే.

అన్నిటికన్నా ఎక్కువ యూనిట్లను కూల్చేది సరుకు కొనే పెట్టుబడి కొరత. ఖరీఫ్ కాయ అక్టోబరు, నవంబరుల్లో చవగ్గా వస్తుంది, నూనె ఏడాదంతా అమ్ముకోవాలి. నాలుగైదు నెలల సరుకైనా అప్పుడే కొనిపెట్టుకోకపోతే వేసవిలో వ్యాపారి చెప్పిందే ధర. పథకం బలమంతా మిషను కొనడం మీదే, కాయలు కొనే డబ్బు మీద కాదు. వర్కింగ్ క్యాపిటల్ లిమిట్, అంటే సరుకు కొనడానికిచ్చే అప్పు, విడిగా ఉందా, ఎంత, అని మంజూరు పత్రంలోనే చూడాలి. స్వయం సహాయక సంఘాలకైతే సభ్యురాలికి 40,000 వరకు సీడ్ క్యాపిటల్ (తొలి పెట్టుబడి) ఉంది. అది సమాఖ్యకు గ్రాంటు, సభ్యురాలికి అప్పు. తిరిగి కట్టాల్సిందే. ఈ మాట మొదటి మీటింగులోనే చెప్పకపోతే తర్వాత సంఘంలో గొడవలు తప్పవు.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చిన్న యూనిట్‌కు ఏడాదికి 100 రూపాయలే, చేయిస్తారు. లేబుల్ మాత్రం సొంతంగా సరిచూసుకోవాలి. 14 అంకెల నంబరు, బ్యాచ్, తయారీ తేదీ, నికర పరిమాణం, ఎంఆర్‌పీ, ఆకుపచ్చ చుక్క ఉండాలి. గానుగ పక్కన డబ్బా పెట్టి విడి నూనె అమ్మడం అలవాటు, నిబంధన ప్రకారం వంట నూనె ప్యాక్ చేసే అమ్మాలి.

మిషను ఎంపిక డీఆర్‌పీకి వదలొద్దు. తీసుకొచ్చే కొటేషన్లన్నీ ఒకే డీలరువైతే ఆగి ఆలోచించాలి. ఇంకుబేషన్ కేంద్రం, అంటే మిషన్లు వాడి చూసుకోనిచ్చే కేంద్రం, దగ్గర్లో ఉంటే మీ సొంత కాయ ఒక మూట తీసుకెళ్లి పట్టించి, నూనెనూ చెక్కనూ తూచుకోండి. బాపట్లలో ఉన్న రంగా వ్యవసాయ వర్సిటీ కోత అనంతర సాంకేతిక కేంద్రం, ఆహార పరిశోధన సంస్థలైన తంజావూరు నిఫ్టెమ్, మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ ఈ పనిలో ఎప్పట్నుంచో ఉన్నవే. గింజ సంగతైతే కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం చెబుతుంది.

పొడిగింపుతో పథకం గడువు 2025-26 దాకా అన్నారు కాబట్టి దరఖాస్తుకు ముందు తాజా ఉత్తర్వు చూసుకోండి. మా రేటింగ్: కాగితాలకు ఐదుకు నాలుగు, సాంకేతిక సలహాకు ఒకటిన్నర. మంజూరు తర్వాత డీఆర్‌పీ ఫోనెత్తకపోతే జిల్లా నోడల్ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. రిజిస్ట్రేషన్లు, శిక్షణ పూర్తికాలేదని ఫైలులో ఉన్నంతకాలం రెండో సగం ఫీజు ఆయనకు రాదు, ఆ కాగితం పడ్డాక పనులు కదులుతాయి.